నల్లా నీళ్లు వస్తున్నా క్యాన్ నీళ్లే కొనాలా?

మర్రిగూడ కోడలు:
మా ఇంట్లో రోజూ ఇదే గొడవ. మిషన్ భగీరథ (ఇంటింటికి నీళ్లిచ్చే సర్కారు పథకం) నల్లా ఇంటి ముందే ఉంది, అయినా అత్తమ్మ క్యాన్ నీళ్లు తప్ప ముట్టదు. ఆమెను తప్పు పట్టలేను. పుట్టినప్పటి నుంచి ఫ్లోరిన్ బోరు నీళ్లే తాగింది. ఇప్పుడు మెడ తిరగదు, మోకాళ్లు వంగవు. కింద కూర్చుంటే లేపడానికి ఒక మనిషి కావాలి. పంచాయతీ నీళ్లంటే ఆమెకు ఇప్పటికీ భయమే.

కానీ నాకు ఆరేళ్ల బిడ్డ ఉంది. ఇప్పుడు వచ్చేది బోరు నీళ్లు కాదు, శుద్ధి చేసిన కృష్ణా నీళ్లు. ఇంకా ఎండలో ఆటో మీద తిరిగొచ్చే పాత ప్లాస్టిక్ క్యాన్ నీళ్లు పిల్లకు పోయడం ఎందుకు? ఇక క్యాన్ మానేయాలన్నది నా మాట. మీరేమంటారు?

చండూరు ప్లాంట్ అన్న:
చెల్లె, పదకొండేళ్లుగా క్యాన్ నీళ్లు శుద్ధి చేసే ప్లాంట్ నడుపుతున్నా. నీ బాధ అర్థమైంది గానీ మమ్మల్ని ఒక్కసారే కొట్టిపారేయకు. నీళ్ల కోసం 1996 లోక్‌సభ ఎన్నికల్లో మన నల్లగొండ నుంచి 480 మంది పోటీలో నిలబడ్డారు. అంత కొట్లాడినా ఇంటింటికి నల్లా రావడానికి ఇరవై ఏళ్ల పైనే పట్టింది. అప్పటిదాకా మా ఊళ్లలో పిల్లలకు కాస్త మంచి నీళ్లు పోసింది మా ప్లాంట్లే.

ఇప్పటికీ పైపు పగిలి మూడు రోజులు నల్లా రాకపోతే జనం ఎక్కడికి పోతారు? మళ్లీ బోరుకే కదా. ఇంకో మాట, మా నీళ్ల టీడీఎస్, అంటే కరిగిన లవణాల లెక్క, 60. నల్లా నీళ్లలో టీడీఎస్ కొలిచే పెన్ను పెట్టి చూడు, 300 చూపిస్తుంది.

మునుగోడు సైన్స్ టీచర్:
నల్లా ఆగిన రోజుల సంగతి మీరన్నది నిజమే అన్నా. అందుకని ప్లాంట్లు మూసేయమని నేను అనను. కానీ టీడీఎస్ దగ్గర అందరం మోసపోతున్నాం. ఆ పెన్ను నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఒక అంకె చూపిస్తుంది. అందులో ఫ్లోరైడ్, అదే మనం ఫ్లోరిన్ అనేది, ఎంతో దానికి తెలియదు. లీటరుకు 3 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు 300 చూపించవచ్చు, అసలు ఫ్లోరైడే లేని నీళ్లు కూడా 300 చూపించవచ్చు. మన దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. టీడీఎస్ 500 వరకు ఉన్నా తాగవచ్చు, కాబట్టి 300 అంటే టెన్షన్ పడాల్సిన పని లేదు.

మీ ప్లాంట్‌లో నీళ్లను వడకట్టే పొర, మెంబ్రేన్, పాతబడితే ఫ్లోరైడ్ ఎంత ఆగుతోందో ఆ పెన్ను చెప్పదు. కొత్తగా ఉంటే ఫ్లోరైడ్‌తో పాటు కాల్షియం, మెగ్నీషియం కూడా పోతాయి. కాల్షియం తక్కువైన ఒంటిని ఫ్లోరైడ్ ఇంకా గట్టిగా పట్టుకుంటుంది.

చండూరు ప్లాంట్ అన్న:
కాల్షియం కోసం నీళ్లు తాగుతామా సార్? ఒక గ్లాసు పాలు తాగితే సరిపాయె.

మునుగోడు సైన్స్ టీచర్:
పాలు దొరికే ఇంట్లో సరిపోతుంది. గ్లాసు పాలలో 200 మిల్లీగ్రాములకు పైనే కాల్షియం ఉంటుంది, రాగుల్లోనూ బాగానే ఉంటుంది. మా బడిలో చాలామంది పిల్లలు పొద్దున చాయ్ తాగి వస్తారు. చాయ్‌పత్తిలోనే ఫ్లోరైడ్ ఉంటుంది. ఆ పిల్లల గురించే నా బాధ.

నాంపల్లి రైతు:
ప్లాంట్ వెనక వదిలే నీళ్ల ముచ్చట ఎవరూ ఎత్తలేదు. మా ఊరి ప్లాంట్ ఒక బిందె మంచి నీళ్లు తీస్తే రెండు బిందెలు కాల్వలోకి పోతాయి. తీసేసిన ఫ్లోరైడ్ అంతా చిక్కబడి ఆ నీళ్లలోనే ఉంటుంది. ఆ కాల్వ పక్కనే మా బర్రెలు తాగే తొట్టి. పశువులకు కూడా ఫ్లోరిన్ వ్యాధి వస్తుంది, పళ్లు అరిగి మేత నమలలేవు. ఆ నీళ్లు ఎక్కడికి పోవాలో ప్లాంట్ పెట్టే రోజే అడిగి ఉండాల్సింది. మేమూ అడగలేదు.

ఆశా కార్యకర్త:
నల్లానా క్యాన్‌నా అని మీరు కొట్లాడుకుంటున్నారు. నేను రోజూ ఇళ్లలోకి పోయి చూసే మనిషిని. క్యాన్ కొనే ఇంట్లో వంట దేనితో చేస్తున్నారో ఒక్కసారి చూడండి. క్యాన్ నీళ్లతో బియ్యం కడగడానికి ఎవరికీ మనసొప్పదు. నల్లా పొద్దున కాసేపు వచ్చి పోతుంది. మధ్యాహ్నం మోటారు వేసి బోరు నీళ్లు పడతారు. ఎసరు అవే, పప్పు అవే, చాయ్ అవే. మరిగిస్తే నీళ్లు మంచివవుతాయని అనుకుంటారు. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. క్యాన్ కొన్నామన్న ధైర్యంతో కంచంలోకి ఏ నీళ్లు వస్తున్నాయో చూడటం మానేశాం.

మర్రిగూడ కోడలు:
అక్కా, మీ మాట చదివి లేచి వంటింట్లోకి పోయాను. పొయ్యి పక్క బిందెలో ఉన్నవి బోరు నీళ్లే. పట్టింది నేనే. ఏడాదిగా క్యాన్ గురించి అత్తమ్మతో వాదిస్తూ, నా చేతులతోనే బిడ్డకు ఆ అన్నం పెడుతున్నాను. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు శాశ్వత పళ్లు చిగుళ్ల కిందే తయారవుతుంటాయని, ఫ్లోరైడ్ వల్ల వాటికి గార పట్టేది అప్పుడేనని డాక్టరు చెప్పింది కూడా నాకు గుర్తుంది.

పొద్దున నల్లా రాగానే వంటకు వేరే డ్రమ్ము నింపుతాను. క్యాన్ విషయంలో మాత్రం నా మాట మారలేదు. నల్లా వచ్చే రోజు నల్లానే, రాని రోజు క్యాన్. అత్తమ్మకు మాత్రం ఆమె క్యాన్ ఆమెకే ఉంచుతాను. ఆ వయసులో ఆమె భయంతో కొట్లాడను.

చండూరు ప్లాంట్ అన్న:
సార్, మీ బడిలో ఫ్లోరైడ్ పరీక్ష కిట్ ఉందా? మా ప్లాంట్ నీళ్లు, వెనక వదిలేవి, రెండూ తెస్తా. ఎంత వచ్చినా ప్లాంట్ గోడ మీద రాయిస్తా.

మునుగోడు సైన్స్ టీచర్:
ఉందన్నా, శనివారం రండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుకు పట్టుకుంటుంది. కడిగిన ప్లాస్టిక్ సీసాలో తెండి. చెల్లె, నువ్వు మీ నల్లా నీళ్లు, మీ బోరు నీళ్లు కూడా పంపు.