అప్‌డేట్: సొంత డబ్బాలతో సరుకులు, తిరుపతిలో పనైంది

నేను అడిగింది ఏందంటే, ప్లాస్టిక్ కవర్లు వద్దని ఇంటి డబ్బాలు తీసుకుపోతే అంగట్లో "డబ్బా బరువు కలిసిపోతాది" అని ఒప్పుకోవడం లేదు, ఏం చేయాలా అని. జవాబిచ్చిన అన్నలకి అక్కలకి థ్యాంక్స్.

పని చేసింది టేర్ బటన్ సలహానే. ఖాళీ డబ్బా ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టి అది నొక్కితే సున్నాకొచ్చేస్తాది, తర్వాత పోసిందే చూపిస్తాది. సూపర్ మార్కెట్లో అయితే వినలేదు గానీ, గాంధీ రోడ్డు పక్క సందులో పాత అంగడాయన ఒప్పుకున్నాడు, కాకపోతే మధ్యాహ్నం రద్దీ లేనప్పుడు రమ్మన్నాడు, అదీ న్యాయమే కదా. కందిబేడలకి, ఉద్దిపప్పుకి గుడ్డ సంచులే మేలు, స్టీలు డబ్బాలన్నీ మోస్తే భుజాలు పోతాయి, ఇప్పుడు బెల్లం, చింతపండు లాంటి అంటుకునేవాటికే డబ్బా. కడిగింది బాగా ఆరాల, రొంత తడున్నా బూజే.

నూనె మాత్రం కుదర్లేదు. లూజు నూనె అమ్మకూడదని 2011 ఫుడ్ సేఫ్టీ నిబంధనల్లోనే ఉంది, అందుకని నూనె ప్యాకెట్టే.

గాజు సీసాల సెట్టు కొనమన్నారే, అవసరమే రాలేదు. జీఎస్టీ మిగుల్తుందన్నది నిజమే, 2022 జూలై నుంచి ప్యాక్ చేసి లేబుల్ వేసిన పప్పులకి 5%, లూజుకి లేదు, కానీ నా బిల్లులో పెద్ద తేడా ఏం కనపళ్ళా. చిత్తూరులో ట్రై చేసేవాళ్ళు కాటా సున్నా చూపించినాకే పోయమనండి.