కృష్ణ ఒడ్డు ఇసుకలో ఎస్‌పీటీ నంబర్‌ని నమ్మి పునాది వేయొచ్చా?

పటమటవాసి
విజయవాడలో కృష్ణకు దగ్గర్లో మాకు 300 గజాల స్థలం ఉంది. స్టిల్ట్ మీద నాలుగంతస్తులు కట్టుకుందామని సాయిల్ టెస్ట్ చేయించాం. ఒకటే బోరు వేశారు. నీళ్లు 3 మీటర్లకే తగిలాయి, కిందంతా సన్న ఇసుక. రిపోర్ట్‌లో ఎస్‌పీటీ (సుత్తితో గొట్టాన్ని నేలలోకి కొట్టి దెబ్బలు లెక్కపెట్టే పరీక్ష) ఎన్ విలువలు, అంటే దెబ్బల లెక్క, 4.5 మీటర్ల దగ్గర 11, 6 దగ్గర 9, 7.5 దగ్గర 14, 9 దగ్గర 24. డిజైన్ చేసే ఇంజినీర్ గారు పైల్స్ (నేలలోకి లోతుగా దింపే స్తంభాలు) తప్పవంటున్నారు. మేస్త్రీ ఏమో "పక్కింటికి మామూలు పునాదే, ఇరవై ఏళ్లుగా చెక్కు చెదరలేదు" అంటున్నాడు. మా తమ్ముడు ఆ నంబర్లే నమ్మొద్దని, కోన్ టెస్ట్ చేయించమని పట్టుబడుతున్నాడు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఎవరి మాట వినాలి?

డెల్టా సివిల్
మీ తమ్ముడి మాట వినండి. ఎస్‌పీటీ మీటరున్నరకొకసారి కొడతారు. మధ్యలో అరమీటరు వదులు ఇసుక పొర ఉంటే ఆ రిపోర్ట్‌కి తెలియదు. కోన్ అలా కాదు. పది చదరపు సెంటీమీటర్ల మొన సెకనుకు 2 సెంటీమీటర్ల చొప్పున ఆగకుండా దిగుతుంది, అడుగడుగునా రీడింగ్ ఇస్తుంది. సుత్తి లేదు, తాడు లేదు, మనిషి చేతి తేడా లేదు. నీళ్లు పైకున్న ఇసుక నేలలో లిక్విఫాక్షన్ (భూకంపం ఊపుకు తడి ఇసుక ఊబిలా మారడం) లెక్క వేయాలంటే ఇదే సరైన పరీక్ష.

సొంతిల్లు
మరీ భయపెడుతున్నారు. మనదేమైనా అస్సామా? నాలుగంతస్తులకు ఇంత హంగామా అక్కర్లేదు.

రిగ్గు మనిషి
సొంతిల్లు గారూ, 2016 భూకంప కోడ్‌లో (ఐఎస్ 1893) విజయవాడ జోన్ 3, అంటే ఓ మోస్తరు ముప్పు. ఒంగోలు 1967లో, భద్రాచలం 1969లో భూకంపాలకు అదిరాయి. పక్కిల్లు ఇరవై ఏళ్లు నిలబడిందంటే ఇంటి బరువుకు నేల ఆగిందని అర్థం. ఊపుకు ఆగుతుందో లేదో ఆ ఇంటికి ఇంకా పరీక్ష పెట్టలేదు. జపాన్‌లో నీగాటా దగ్గర 1964 భూకంపంలో అపార్ట్‌మెంట్లు గోడలు పగలకుండానే పక్కకు ఒరిగి పడుకున్నాయి. కట్టడంలో లోపం లేదు, కింది ఇసుక ఊబి అయిపోయింది.

ఇక ఎస్‌పీటీ సంగతి. పద్దెనిమిదేళ్లుగా బోర్లు వేయిస్తున్నాను, నాకు ఇది పడని మాటే, అయినా చెబుతాను: నంబర్ తప్పు వచ్చిందంటే నూటికి తొంభై వంతులు చేసిన చేతులదే తప్పు. 63.5 కిలోల సుత్తి 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడాలి. రాడ్ మీద సుద్దతో 15 సెంటీమీటర్లకొకటి, మూడు గీతలు గీస్తాం. మొదటి 15 దిగడానికి పడ్డ దెబ్బలు లెక్కలోకి రావు. తర్వాతి రెండింటి మొత్తమే ఎన్. మధ్యాహ్నం మూడింటికి ఎండలో వించ్ తాడు లాగే కుర్రాడు అలిసిపోతే సుత్తి 60 దగ్గరే జారిపోతుంది. అప్పుడు ఎక్కువ దెబ్బలు పడతాయి, మెత్తటి నేల కాగితం మీద గట్టిదవుతుంది. అన్నిటికంటే ప్రమాదమైన తప్పు ఇది.

మీ 6 మీటర్ల 9 మీద నా అనుమానం మాత్రం వేరే. బోరులో నీళ్లు బయటి నీటిమట్టం కంటే కిందికి దిగితే అడుగు నుంచి ఇసుక పొంగి లోపలికి వస్తుంది. అలా వదులైన ఇసుకలో కొడితే అసలుకంటే తక్కువ నంబర్ వస్తుంది.

డెల్టా సివిల్
నేనూ అదే అంటున్నాను. ఇన్ని చోట్ల తప్పే పరీక్ష మీద ఇల్లెందుకు నిలబెట్టాలి?

రిగ్గు మనిషి
కోన్‌తో మట్టి చేతికి రాదండీ. ఎస్‌పీటీలో నేలలోకి దిగే గొట్టం, స్ప్లిట్ స్పూన్, విప్పితే ఇసుక కళ్ల ముందుంటుంది. జల్లెడ పట్టి ఒండ్రు ఎంత కలిసిందో చెప్పొచ్చు. ఎన్ ఒకటే అయినా ఒండ్రు శాతాన్ని బట్టి లిక్విఫాక్షన్ లెక్క మారిపోతుంది. ఆ లెక్కకు వాడే పద్ధతి, సీడ్, ఇడ్రిస్ 1971లో ఇచ్చింది, మొదట ఎస్‌పీటీ నంబర్ల మీదే నిలిచింది. పైగా గులకరాళ్ల పొర తగిలితే కోన్ అక్కడే ఆగిపోతుంది.

డెల్టా సివిల్
జల్లెడ మాట ఒప్పుకుంటున్నాను. అయితే రెండూ చేయించాలి. ఒక్క బోరు, నాలుగు నంబర్లతో పైల్ లోతు తేల్చడం నాకు అస్సలు మింగుడు పడదు. 2001 భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని 22 మీటర్ల టవర్ ఒరిగింది. దాని కింద 18 మీటర్ల పైల్స్ ఉన్నాయి. అవి బంకమట్టిని దాటి ఇసుకలో ఆగాయి, ఆ ఇసుకే ఊబి అయింది. పైల్ వేశామన్న ధీమా చాలదు, అది ఏ పొరలో ఆగిందో తెలియాలి.

పటమటవాసి
కోడ్ ప్రకారం నా నంబర్లు చాలవా?

డెల్టా సివిల్
ఆ 2016 కోడ్ ప్రకారం జోన్ 3లో నీటిమట్టం కింద ఇసుకకు 5 మీటర్ల లోపు 15, 10 మీటర్లు దాటాక 25 ఉండాలి, మధ్యలో దామాషాగా. అంటే 6 దగ్గర 17 కావాలి, మీకు 9 ఉంది. 9 దగ్గర 23 కావాలి, 24తో గట్టెక్కారు. అదీ లోతు వగైరాలకు నంబర్‌ని సరిచేసే కరెక్షన్లన్నీ అయ్యాక. మీ రిపోర్ట్‌లోవి ముడి విలువలో, సరిచేసినవో ముందు అడగండి. మూడు 15లకీ దెబ్బలు విడివిడిగా రాసి ఇవ్వమనండి. ఇవ్వలేకపోతే ఆ రిపోర్ట్ పక్కన పెట్టేయండి.

పటమటవాసి
అడిగాను. విడివిడిగా రాసుకోలేదట. స్థలానికి రెండో మూల ఇంకో బోరు, మధ్యలో ఒక కోన్ చేయించాలని నిర్ణయించాం. పైల్ సంగతి ఆ తర్వాతే. ఈసారి నేనే దగ్గరుండి దెబ్బలు లెక్కపెడతాను. రిగ్గు మనిషి గారూ, ఇంకేం చూడాలి?

రిగ్గు మనిషి
సుత్తి ఎత్తు కొలవడానికి టేపు మీదే తీసుకెళ్లండి. బోరులో నీళ్లు నేల మట్టం దాకా నిండుగా ఉంచమనండి, లేదా బెంటోనైట్ (బోరు గోడలు కూలకుండా పట్టే బంకమట్టి ద్రావణం) వాడమనండి. రాడ్లు పైకి లాగేటప్పుడు గబగబా లాగనివ్వకండి, ఆ పీల్చుడుకే అడుగు ఇసుక వదులైపోతుంది. 6 మీటర్ల శాంపిల్ సంచి మీద లోతు రాశారో లేదో అక్కడికక్కడే చూసుకోండి.