శాక్స్‌బీ సెనెట్ నుంచి ఢిల్లీ దాకా: జీతం కోత రెండోసారి ఎందుకు అవసరం పడలేదు?

పాతకాగితం అడిగిన ప్రశ్న

విలియం శాక్స్‌బీ 1968లో ఒహాయో నుంచి సెనెట్‌కు ఎన్నికయ్యారు. 1974 జనవరిలో నిక్సన్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్ (అమెరికాలో న్యాయశాఖ అధిపతి, కేబినెట్ సభ్యుడు) అయ్యారు. 1975లో అమెరికా రాయబారిగా ఢిల్లీకి వచ్చారు. ఆయన్ని అటార్నీ జనరల్ చేయడానికి ఆ పదవి జీతాన్నే తగ్గించారని, దాన్నే "శాక్స్‌బీ ఫిక్స్" అంటారని తెలుసు. తెలియనివి ఇవి: సెనెట్‌కు రాజీనామా చేస్తే సరిపోయేది కదా, జీతంతో పనేమిటి? ఢిల్లీకి పంపేటప్పుడూ అలాంటి చట్టం చేశారా? చట్టసభలో పనిచేసినవాళ్లను రాయబారిగా పంపాలంటే ఏ వరసలో ఏం జరగాలి? వివరంగా చెప్పగలరా?

రాజ్యాంగప్రియ

అమెరికా రాజ్యాంగం మొదటి అధికరణం, ఆరో సెక్షన్, రెండో క్లాజు తీసి చూడండి. అందులో రెండు వేర్వేరు నిషేధాలున్నాయి. ఈ రెంటినీ కలిపి చదవడం వల్లే మీ సందేహం వస్తోంది.

ఒకటి, ప్రభుత్వ పదవిలో ఉన్నవారెవరూ కాంగ్రెస్ సభ్యులుగా ఉండకూడదు. దీనికి రాజీనామా చాలు. రెండోది కాస్త గట్టిది. ఒక సభ్యుడు ఎన్నికైన కాలంలో ఏ పదవినైనా కొత్తగా సృష్టించినా, దాని జీతభత్యాలు పెంచినా, ఆ కాలం ముగిసేదాకా అతన్ని ఆ పదవిలో నియమించకూడదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది "ఎన్నికైన కాలం", సీటులో కూర్చున్న కాలం కాదు. మధ్యలో రాజీనామా చేసినా ఆ గడువు నడుస్తూనే ఉంటుంది.

శాక్స్‌బీ ఆరేళ్ల గడువు 1969 జనవరి 3న మొదలైంది. అదే ఏడాది కేబినెట్ సభ్యుల జీతం 35,000 డాలర్ల నుంచి 60,000కు పెరిగింది. అంటే ఆ పెంపు ఆయన గడువులోనే పడింది. అందుకే 1973 డిసెంబర్‌లో కాంగ్రెస్ ఒక చట్టం చేసి, అటార్నీ జనరల్ జీతాన్ని మళ్లీ 35,000కు దించింది. అప్పటికి సెనెటర్ జీతం 42,500 డాలర్లు. అంటే ఏడాదికి 7,500 డాలర్లు వదులుకుని ఆయన ఆ కుర్చీ ఎక్కారు.

దీనికి పేరు శాక్స్‌బీది పడింది కానీ పద్ధతి అంతకంటే పాతది. పెన్సిల్వేనియా సెనెటర్ ఫిలాండర్ నాక్స్‌ను 1909లో విదేశాంగ మంత్రిని చేయడానికి ఆ పదవి జీతాన్ని 12,000 డాలర్ల నుంచి 8,000కు తగ్గించారు. తర్వాత 1980లో ఎడ్మండ్ మస్కీకి, 1993లో లాయిడ్ బెంట్సన్‌కు, 2009లో హిల్లరీ క్లింటన్‌కు ఇదే మార్గం పట్టారు. క్లింటన్ విషయంలో జీతం 191,300 నుంచి 186,600కు దిగింది.

అభ్యంతరాలూ లేకపోలేదు. శాక్స్‌బీ నియామకాన్ని సెనెటర్ రాబర్ట్ బైర్డ్ గట్టిగా వ్యతిరేకించారు. రాజ్యాంగంలోని మాట "పెరిగి ఉంటే" అనే. ఇప్పుడు తగ్గించినంత మాత్రాన అప్పుడు పెరగలేదని అనలేం కదా అన్నది ఆ వాదన. అక్షరాల ప్రకారం చూస్తే అది బలమైన వాదనే అని నా అభిప్రాయం. అయితే ఆ క్లాజు ఉద్దేశం సభ్యులు తమకోసం తామే కొలువులు తీర్చిదిద్దుకోకుండా ఆపడం. పెంపును రద్దు చేస్తే ఆ ప్రలోభమే పోతుందని రెండో పక్షం అంటుంది. న్యాయశాఖ కూడా 1987లో ఈ పద్ధతి చెల్లదంది, 2009లో చెల్లుతుందని మాట మార్చింది.

ఇక ఢిల్లీ సంగతి. ఆయన ఎన్నికైన గడువు 1975 జనవరి 3తో ముగిసింది. రాయబారిగా నియామకం జరిగింది ఫిబ్రవరిలో. గడువే లేనప్పుడు నిషేధమూ లేదు. కాబట్టి రెండో చట్టం అవసరం పడలేదు.

దౌత్యరేఖ

పై జవాబుకు కొనసాగింపుగా నియామకం వరస చెబుతాను. ఇది ఇప్పటి పద్ధతి. ఇందులోని ఆస్తుల వెల్లడి, విరాళాల జాబితా నియమాలు కొన్ని శాక్స్‌బీ కాలం తర్వాతి చట్టాల నుంచి వచ్చాయి.

ముందు అధ్యక్షుడి కార్యాలయం పేరు ఎంచుకుంటుంది. ఎఫ్‌బీఐ పూర్వాపరాలు విచారిస్తుంది, అభ్యర్థి ఆస్తుల వివరాల ఫారం నింపాలి. ఇవి నడుస్తుండగానే ఆతిథ్య దేశం సమ్మతి రహస్యంగా అడుగుతారు. దౌత్య భాషలో దాన్ని అగ్రిమాన్ అంటారు. అది రాకముందే పేరు బయటపెడితే, ఆ దేశం కాదన్నప్పుడు ఇద్దరికీ తలవంపులు. అందుకే అధికారిక ప్రకటన దాని తర్వాతే వస్తుంది.

తర్వాత ఫైలు సెనెట్ విదేశీ సంబంధాల కమిటీకి వెళ్తుంది. 1980 నాటి ఫారిన్ సర్వీస్ చట్టం ప్రకారం అభ్యర్థి అర్హతను సమర్థించే పత్రం జతచేయాలి. నామినేషన్ ఏడాదికి ముందటి నాలుగో క్యాలెండర్ సంవత్సరం మొదటి రోజు నుంచి నామినేషన్ తేదీ దాకా ఇచ్చిన రాజకీయ విరాళాల జాబితా కూడా ఇవ్వాలి. అభ్యర్థివే కాదు, దగ్గరి కుటుంబ సభ్యులవి కూడా. ఎన్నికల్లో పోటీచేసినవాళ్లు తమ లెక్క బాగానే రాస్తారు. కుటుంబ సభ్యులు ఇచ్చిన చిన్న మొత్తాలే జారిపోతాయి, తర్వాత కమిటీ నుంచి ప్రశ్నలొస్తాయి.

విచారణ, కమిటీ ఓటు, ఆ తర్వాత సభ ఓటు. ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. ఒక్క సెనెటర్ అడ్డుపెట్టినా ఓటు తేదీ దొరకడం కష్టం. సమావేశాలు ముగిసేలోపు తేలకపోతే నామినేషన్ వెనక్కి వస్తుంది, మళ్లీ పంపాలి. ఢిల్లీ రాయబారిగా ఎంపికైన ఎరిక్ గార్సెటీ విషయంలో జరిగింది ఇదే. 2021 జులైలో ప్రకటించిన పేరు 2023 జనవరిలో తిరిగొచ్చింది, రెండోసారి పంపాక మార్చిలో 52-42తో నెగ్గింది. ఢిల్లీ కుర్చీ అన్నాళ్లూ ఖాళీగానే ఉంది.

సిట్టింగ్ సభ్యులకు సహచరులు సాధారణంగా దారి ఇస్తారు. మోంటానా సెనెటర్ మాక్స్ బాకస్ 2014 ఫిబ్రవరి 6న 96-0తో చైనా రాయబారిగా ఖరారయ్యారు. తన ఓటు దగ్గర ఆయన "హాజరు" అని మాత్రమే చెప్పారు. అదే రోజు సెనెట్ సీటు వదిలారు. సభ్యులు ముందే రాజీనామా చేయరు. ఓటు తేలకపోతే రెంటికీ చెడతారు.

చివరికి ప్రమాణం, ప్రయాణం, ఆతిథ్య దేశాధినేతకు పరిచయ పత్రాల సమర్పణ. శాక్స్‌బీ 1975 మార్చిలో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌కు తన పత్రాలిచ్చారు. అధ్యక్షుడు మారితే రాయబారులు రాజీనామాలు సమర్పించడం ఆనవాయితీ. దీనికి పెద్ద మినహాయింపు మైక్ మాన్స్‌ఫీల్డ్. పదహారేళ్లు సెనెట్‌లో మెజారిటీ నాయకుడిగా ఉన్న ఆయన్ని 1977లో కార్టర్ టోక్యోకు పంపారు. పార్టీ వేరైనా రీగన్ కదల్చలేదు, 1988 చివరి దాకా అక్కడే ఉన్నారు.

పాతకాగితం

ఇద్దరికీ కృతజ్ఞతలండీ. "ఎన్నికైన కాలం" అన్న ఒక్క మాటతో ముడి విడిపోయింది. ఆయన ఢిల్లీలో అడుగుపెట్టిన సమయం గురించి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఢిల్లీదినాలు

రాకముందే వాతావరణం వేడెక్కింది. 1965 యుద్ధం నుంచి భారత్, పాకిస్థాన్‌లకు ఉన్న ఆయుధాల అమ్మకాల నిషేధాన్ని 1975 ఫిబ్రవరి 24న అమెరికా ఎత్తేసింది. దీనివల్ల లాభపడేది పాకిస్థానే అని ఢిల్లీ భావించింది, తీవ్రంగా నిరసించింది. కొత్త రాయబారి పత్రాలు సమర్పించింది సరిగ్గా ఆ పక్షంలోనే. మూడు నెలలు దాటాయో లేదో జూన్ 25న ఎమర్జెన్సీ వచ్చింది.

ఆయనకంటే ముందున్న డేనియల్ పాట్రిక్ మొయినిహాన్ ఒక పెద్ద చిక్కు తీర్చి వెళ్లారు. పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ చట్టం కింద వచ్చిన ధాన్యానికి బదులుగా అమెరికా ఖాతాలో పేరుకుపోయిన రూపాయల్లో 1,664 కోట్లకు 1974 ఫిబ్రవరిలో భారత ప్రభుత్వం పేర చెక్కు ఇచ్చేశారు. అదే ఏడాది అక్టోబర్‌లో అమెరికా విదేశాంగ మంత్రి కిసింజర్ పర్యటనలో భారత్-అమెరికా జాయింట్ కమిషన్ ఏర్పడింది. ఆర్థిక-వాణిజ్యం, శాస్త్ర-సాంకేతికం, విద్య-సంస్కృతి అని దానికి మూడు ఉపసంఘాలు. పైన రాజకీయాలు ఎంత చేదుగా ఉన్నా, శాక్స్‌బీ హయాంలో కింద పని నడవడానికి ఆ మూడు ఉపసంఘాలు దారి ఉంచాయి. ఆ కాలం మీద రాసేవాళ్లు ఎమర్జెన్సీ ఒక్కటే చూస్తారు. ఈ కమిషన్ కాగితాలను వదిలేయకండి.

ఇంకో విషయం. శాక్స్‌బీ ఢిల్లీ వదిలింది 1976 నవంబర్‌లో. అదే నెలలో మొయినిహాన్ న్యూయార్క్ నుంచి సెనెట్‌కు ఎన్నికయ్యారు. సెనెట్ నుంచి రాయబార కార్యాలయానికి ఒకరు, అక్కడి నుంచి సెనెట్‌కు ఒకరు.