ఎన్‌గొరొంగొరో నుంచి మసాయిలను పంపేయాలా?

సవన్నా_దారి: టాంజానియాలోని ఎన్‌గొరొంగొరో 20 లక్షల ఏళ్లకు పైబడిన కాల్డెరా, అంటే పెద్ద గిన్నెలాంటి లోయ. అగ్నిపర్వతం తనలోకి తానే కూలిపోగా ఏర్పడింది. అడుగు దాదాపు 260 చదరపు కిలోమీటర్లు, గోడలు 600 మీటర్ల ఎత్తు. చుట్టూ ఉన్న సంరక్షిత ప్రాంతంలోని మసాయి పశుపోషకులను 2022 నుంచి దూరంగా మ్సొమెరా అనే ఊరికి తరలిస్తున్నారు. ఇష్టపడే వెళ్తున్నారని ప్రభుత్వం అంటోంది. మీరేమంటారు?

అడవిపిచ్చి: పంపక తప్పదు. 1959లో ఎనిమిది వేలున్న జనం లక్ష దాకా పెరిగారు. నల్ల ఖడ్గమృగం మిగిలిన కొద్ది చోట్లలో ఇదొకటి. మొహమాటపడితే అడవి మిగలదు.

మందవెనక: 1959లో ఇంకేం జరిగిందో కూడా చెప్పండి మరి. పక్కనున్న సెరెంగెటి పార్కు ఖాళీ చేయించి, ఇక్కడ పశువులతో బతకండి, పేచీ వస్తే మీ మాటే ముందు అని దొరల ప్రభుత్వం హామీ ఇచ్చింది. 1970ల్లో కాల్డెరా అడుగున ఉన్న కాపురాలనూ ఎత్తేయించారు. ఇప్పుడు కింద రద్దీ అంటే సఫారీ జీపులదే. ఒక్క సింహం కనిపిస్తే చాలు, చుట్టూ బండ్లు, పైకప్పుల్లోంచి కెమెరాలు.

మాది గొర్రెలు మేపిన ఇల్లు కాబట్టి ఒకటి చెప్తాను. విల్డెబీస్ట్‌లు, అంటే అక్కడి పెద్ద జింకజాతి జంతువులు, ఈనే కాలంలో వాటి దూడల నుంచి పశువులకు ప్రాణం తీసే జ్వరం అంటుకుంటుంది. అందుకని మసాయిలు మైదానంలో గడ్డి ఎంత పచ్చగా ఉన్నా వదిలేసి, మందల్ని ఎగువకు తోలుకుపోతారు. మంచి మేత అడవి జంతువుకు వదిలేవాణ్ణి పట్టుకుని ఆక్రమణదారు అంటారా?

అడవిపిచ్చి: జనం ఇంత పెరిగాక ఆ ఎగువ మాత్రం ఎన్నాళ్లు చాలుతుంది? పైగా మీరు తిడుతున్న జీపుల టికెట్ డబ్బే కాపలాకు జీతాలిస్తోంది.

అచ్చంపేట_కుర్రాడు: ఇష్టపడే వెళ్తున్నారంటే 2024 ఆగస్టులో వేలమంది సెరెంగెటి రోడ్డెందుకెక్కారండీ? వాళ్ల గ్రామాలనే రికార్డుల్లోంచి తీసేయబోతే అరూషా కోర్టు ఆపింది. మా అమ్రాబాద్ చెంచులకూ ఇలాగే ప్యాకేజీ చూపిస్తుంటారు.

అడవిపిచ్చి: సరే, వెళ్లనన్నవాళ్లను ఉండనివ్వండి. మందలకు పరిమితి పెడదామంటే ఒప్పుకుంటారా?

మందవెనక: మసాయి పెద్దల్ని కూర్చోబెట్టి రాయిస్తే ఒప్పుకుంటాను. అదే కాగితంలో జీపులకూ ఒక అంకె రాయాలి.