25 వేలలో మొదటి డీఎస్ఎల్ఆర్: జూన్ 14 రాత్రికి చేతిలో ఉండాలి

జాలారిపేట గుంటడు (మే 24)

అందరికీ నమస్కారం. నా దగ్గర 25 వేలు ఉన్నాయి. ఇరవై అయిదున్నర కూడా కాదు, ఇరవై అయిదే. పరవాడ ఫార్మా కంపెనీలో షిఫ్టులు చేసుకుంటూ కట్టిన చీటీ మొన్ననే పాడాను, ఆ డబ్బు. కెమెరా, లెన్సు, కార్డు, బ్యాగు అన్నీ ఇందులోనే అవ్వాలి.

ఎందుకు తొందరంటే, మా అయ్య బోటు మీద సరంగు, అంటే బోటు నడిపేవాడు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం కదా, జూన్ 14 అర్ధరాత్రితో తీరిపోద్ది. ఆ రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఐసు ఎక్కించడం, డీజిలు పట్టడం, కొబ్బరికాయ కొట్టడం, బోట్లు ఒకదాని వెనక ఒకటి కదలడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. ఒక్క మంచి ఫోటో లేదు. ఫోనుతో తీస్తే బల్బులు తెల్ల ముద్దలు, మనుషుల మొహాలు మైనం పూసినట్టు. అయ్య ఈ ఏడాదితో సముద్రం మానేస్తానంటున్నాడు. నిరుడు కూడా అన్నాడనుకోండి.

చూసినవి మూడు.
ఒకటి, కెనాన్ 3000డి. షాపులో మిగిలిపోయిన కొత్త పీసు, 18-55 జూమ్ లెన్సుతో 25 వేలు.
రెండు, నికాన్ డి3500 సెకండ్ హ్యాండు, 18-55తో 24 వేలు.
మూడు, కెనాన్ 700డి సెకండ్ హ్యాండు. ఎంవీపీ కాలనీలో ఒకాయన అమ్ముతున్నారు. 18-55, ఇంకా జూమ్ లేని 50 ఎఫ్ 1.8, రెండు లెన్సులూ కలిపి 19 వేలు.

షాపతను "700డి పాతది, 18 మెగాపిక్సెలే, నికాన్ 24" అన్నాడు. మీరేటంటారు?

అప్‌డేటు బాబ్జీ

డీఎస్ఎల్ఆర్ కాలం అయిపోయింది బ్రో. కంపెనీలు చాలావరకు లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ వైపు వెళ్ళిపోయాయి. ఇంకో ఆర్నెల్లు ఆగి, డబ్బు కలిపి అదే తీసుకోండి.

జాలారిపేట గుంటడు

నేను ఆగుతాను అన్నా, బోట్లు ఆగవు కదా.

పాత స్టూడియో

బాబూ, నేను గాజువాకలో ఇరవై రెండేళ్ళు స్టూడియో నడిపాను, రీలు రోజుల నుంచి. మోకాళ్ళు మొరాయించాక షట్టరు దించేశాను. నీ మూడింటిలో నేనైతే 700డి తెచ్చుకుంటాను. బాడీని చూసి కాదు, దాంతో వస్తున్న ఆ 50ని చూసి.

చీకట్లో లెన్సు నోరు ఎంత పెద్దదో అదే లెక్క. ఎఫ్ అంకె తగ్గేకొద్దీ నోరు పెద్దది. 18-55ని 55 దగ్గర పెడితే ఎఫ్ 5.6 మించి తెరుచుకోదు. 50 అయితే ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది. ఇంచుమించు పది రెట్ల వెలుతురు. దాంతో షట్టరు సెకనులో పదో వంతు పెట్టాల్సిన చోట దీంతో నూరో వంతు పెట్టుకోవచ్చు. పదో వంతులో మీ అయ్య మోకు లాగుతుంటే చెయ్యి ఉండాల్సిన చోట పొగ ఉంటుంది. నూరో వంతులో మోకు పేటలు కూడా లెక్కపెట్టొచ్చు.

18కీ 24కీ తేడా అంటావా. 18 మెగాపిక్సెల్ అంటే 5184 బై 3456 చుక్కలు. కరిజ్మా పెళ్ళి ఆల్బంలో పేజీ 12 బై 18 అంగుళాలు. అంగుళానికి 288 చుక్కలు పడతాయి, బ్రహ్మాండంగా సరిపోద్ది. ఏ పెళ్ళికూతురి తల్లీ నా ఆల్బంలో చుక్కలు లెక్కపెట్టలేదు, వడ్డాణం కనపడిందా లేదా అనే చూసింది.

3000డి వద్దు. లెన్సు బిగించే రింగు కూడా ప్లాస్టిక్కే, పైగా ఉన్న డబ్బంతా దానికే అయిపోద్ది.

ఇక అసలు సంగతి. సముద్రపు తేమ ఉన్న మన ఊళ్ళో పాత లెన్సు కొనేవాడు ధర అడిగే ముందు బూజు చూసుకోవాలి. నా కథ విను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్. కిటికీ అద్దాలు ఎగిరిపోయాయి, వాన ఇంట్లోనే కురిసింది. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు. కెమెరా బ్యాగు తడవకూడదని బీరువాలో చీరల మధ్యన పెట్టి తాళం వేశాను. తెలివైన పని చేశాననుకున్నాను. నెల పైన బ్యాగు ముట్టుకోలేదు, ఆ స్థితిలో ఫోటోలెవరికి కావాలి? కార్తీకం ఆఖర్న వనభోజనాలకి పిలిస్తే తీసి చూశాను. 70-200 లెన్సు లోపల, మధ్య అద్దం మీద, సాలెగూడులా సన్నటి తెల్ల పోగులు. గుడ్డతో తుడిచాను. బయట ఉంటేగా పోడానికి! విప్పించి శుభ్రం చేయించాను. పోగులు పోయాయి గానీ, అవి తిన్న చోట అద్దం మీది పూత కూడా పోయింది. అప్పట్నుంచి ఎదురు వెలుతురులో ఏం తీసినా మంచు కమ్మినట్టే. ఆ లెన్సు ఇప్పటికీ ఇంట్లోనే ఉంది, అమ్మలేదు. అమ్మితే నీలాంటి గుంటడే కొంటాడు.

అందుకని ఎంవీపీకి వెళ్ళేటప్పుడు చిన్న టార్చి పట్టుకెళ్ళు. లెన్సు కెమెరా నుంచి విప్పి, వెనక నుంచి లైటు వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూడు. ధూళి చుక్కలు నాలుగైదు ఉంటే ఫరవాలేదు. పోగులు, కొమ్మలు కనపడితే ఊరికే ఇచ్చినా వద్దు. ఆ 50 పాత మోడలా, కొత్త రకం ఎస్‌టీఎమ్మా అన్నది కూడా చూడు. బిగించే రింగు లోహమైతే సాధారణంగా ఎస్‌టీఎం.

బాడీ సంగతి. పైన ఫ్లాషు తొడిగే పట్టాలు చూడు. నల్ల రంగు గీసుకుపోయి లోహం మెరుస్తోందంటే అది పెళ్ళిళ్ళు తిరిగిన కెమెరా, ఆయన "ఇంట్లోనే వాడామండీ" అన్నా సరే. ఈ తరగతి కెనాన్లలో షట్టరు ఎన్నిసార్లు కొట్టిందో ఫోటో ఫైలులో రాసి ఉండదు, కేబులు పెట్టి సాఫ్ట్‌వేరుతో చూడాలి. "పది వేలే కొట్టింది" అన్న మాట నోటి మాటే. తర్వాత ఎఫ్ 22 పెట్టి తెల్ల గోడని ఒకటి, మూత పెట్టి చీకట్లో ఒకటి తియ్యి. మొదటిదాంట్లో నల్ల మచ్చలుంటే సెన్సరు మీద దుమ్ము, తుడిపించుకోవచ్చు. రెండోదాంట్లో రంగు చుక్కలు బోలెడు మెరిస్తే ధర తగ్గించమను. మడిచే స్క్రీను నాలుగైదుసార్లు తిప్పు, ఏ కోణంలోనైనా ఆరిపోతోందేమో.

ఇంకోటి. ఆ 50 కొత్త రకమైతే, ముందు అద్దాన్ని కాపాడే 49 మిల్లీమీటర్ల ఫిల్టరు వెంటనే కొను. హార్బరుకి ఫిల్టరు లేకుండా వెళ్ళకు. మళ్ళీ చెప్పను.

కొండకర్ల కొంగ

స్టూడియో మాస్టారితో సగమే ఏకీభవిస్తాను. నేను పక్షులు తీస్తాను, ఆదివారాలు కొండకర్ల ఆవ దగ్గరే ఉంటాను. చీకట్లో తీసిన ఫోటోని తర్వాత కంప్యూటర్లో వెలిగిస్తే, డి3500లో నీడలు శుభ్రంగా పైకి వస్తాయి. 700డిలో అదే పని చేస్తే గళ్ళ లుంగీ మీద ఇసక చల్లినట్టు ఉంటుంది. ఐఎస్ఓ (సెన్సరు వెలుతురుని పెంచి చూపే అంకె) 3200 దగ్గర ఈ తేడా మీకు కచ్చితంగా కనపడుతుంది, మాస్టారు దాన్ని మింగేశారు. డి3500 బ్యాటరీ కూడా కంపెనీ లెక్కన ఒక చార్జికి 1550 ఫోటోలు.

కానీ తమ్ముడూ, ఆ నికాన్ బాడీలో ఫోకస్ మోటారు లేదు. చవగ్గా దొరికే పాత 50 ఎఫ్ 1.8డి లెన్సు తగిలిస్తే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. అర్ధరాత్రి, ఊగే జెట్టీ మీద, మొదటి కెమెరాతో! మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సు కొనాలంటే మీ 25 దాటిపోతుంది. నెల ఆగగలిగితే నికాన్ అనేదాన్ని. మీకు ఆగడం కుదరదు కాబట్టి, మనసొప్పకపోయినా 700డికే ఓటు. వైఫై లేదు దాంట్లో, ఫోనుకి ఎక్కించుకోడానికి ఓటీజీ కార్డు రీడరు తీసుకోండి.

బూజు గురించి మాత్రం ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తేమ చేరనివ్వని పదివేల రూపాయల డ్రై క్యాబినెట్ అక్కర్లేదు. రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఊరగాయలకి కొంటామే అలాంటిది, కొత్తది కొని సిలికా జెల్ వేసి అందులో పెట్టండి. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే తేమ తాగేశాయని. సన్న సెగ మీద వేడి చేస్తే మళ్ళీ నీలమవుతాయి. వంట మూకుడులో మాత్రం చెయ్యకండి, ఆ నీలం రంగు మంచిది కాదు. బ్యాగు మోసుకెళ్ళడానికే, దాచడానికి కాదు.

పాత స్టూడియో

నీడల సంగతి ఒప్పుకుంటున్నానమ్మా. గళ్ళ లుంగీ మీద ఇసక మాత్రం నాకు నచ్చింది.

జాలారిపేట గుంటడు (జూన్ 2)

వెళ్ళొచ్చాను. టార్చి వేస్తే 50 నీళ్ళలా ఉంది, రింగు లోహమే. 18-55లో మాత్రం అంచున పోగులు కనపడ్డాయి. ఆయనకి చూపించాను. "అది వెలుతురు పడిన గీతండీ" అన్నారు. లెన్సు తిప్పితే గీత కూడా తిరిగింది, ఇక మాట్లాడలేదు. ఆ లెన్సు వద్దన్నాను. బాడీ, 50, చార్జరు, రెండు బ్యాటరీలు కలిపి 14,500కి ఇచ్చారు. ఫ్లాషు పట్టాలు నల్లగానే ఉన్నాయి. ఊరగాయ డబ్బా మా అమ్మ దగ్గర అడిగితే కొత్తది కొనుక్కోమంది.

ఒక చిక్కు. 50తో బోటు సగమే వస్తోంది. వెనక్కి వెళ్దామంటే నీళ్ళు.

పాత స్టూడియో

ఆ చిన్న సెన్సరు మీద అది రీలు రోజుల 80 లాగా పనిచేస్తుంది, దగ్గరికి లాగుతుంది. మిగిలిన డబ్బులో ఇంకో 18-55 తర్వాత వెతుక్కో, టార్చి ఎలాగూ ఉంది. ఆ రాత్రికి మాత్రం 50 ఒక్కటే చాలు. బోటు మొత్తం ఎందుకు బాబూ? చేతులు తియ్యి, మొహాలు తియ్యి, ఐసు ముక్క తియ్యి. ఎఫ్ 2 పెట్టు, షట్టరు సెకనులో నూట ఇరవై అయిదో వంతు, ఐఎస్ఓ 3200 దాకా పోనీ. స్క్రీను చూసి తియ్యకు, చీకట్లో ఫోకసు వెతుక్కుంటూ ఉంటుంది. కన్ను పెట్టి, మధ్య చుక్క ఒక్కటే వాడు. బల్బు వెలుగు మొహం మీద ఏ పక్క పడుతోందో ఆ పక్క నిలబడు. ఈ పది రోజులూ రోజూ రాత్రి మీ వీధి లైటు కింద ఎవర్నో ఒకర్ని నిలబెట్టి ప్రాక్టీసు చెయ్యి.

జాలారిపేట గుంటడు (జూన్ 15, ఉదయం)

214 తీశాను. చాలావరకు పోయాయి. కొబ్బరికాయ కొట్టేటప్పుడు కొబ్బరికాయే ఫోకసు తప్పింది. కానీ ఒకటుంది మాస్టారూ. స్టీరింగు మీద మా అయ్య చేతులు, ఎడమ చేతి వేలికి చుట్టుకున్న గుడ్డ, వెనక క్యాబిన్ బల్బు. మొహం రాలేదు, తల పైకి తెగిపోయింది. ఎవరివో చెప్పకుండా మా అమ్మకి చూపించాను. "ఆ వేలికేటైంది, నాకు చెప్పలేదేటి?" అంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. బోటు కదిలేటప్పుడు నీళ్ళు ఎగిరి లెన్సు మీద పడ్డాయి, ఆరిపోయి తెల్లగా చారలు కట్టింది. బనీను గుడ్డతో తుడవొచ్చా?

పాత స్టూడియో

ముట్టుకోకు! అది ఉప్పు, పొడిగుడ్డతో రుద్దితే అద్దం మీది పూతకి గీతలు పడొచ్చు. ముందు బ్లోయరుతో ఊదు. నోటితో కాదు. లెన్సు గుడ్డ కొసని డిస్టిల్డ్ వాటర్‌తో కొంచెం తడిపి, మధ్య నుంచి అంచుకి సుతారంగా, నొక్కకుండా, రెండుసార్లు తుడువు. ఆ తర్వాతే పొడిగుడ్డ. బాడీని కూడా తడిగుడ్డ పిండి పైపైన తుడిచి, గాలికి ఆరనిచ్చి డబ్బాలో పెట్టు.

ఫిల్టరు కొనమన్నానా, లేదా?