మల్లేశ్వరం పాత ఇంట్లో దయ్యం కథలు: సరదానా, తప్పా?

నెల్లూరు పిల్ల:
మొన్న శనివారం బెంగళూరు మల్లేశ్వరంలో ఒక పాత బంగళాలో దయ్యం కథలు చెప్పారు. టికెట్ 500. లైట్లు ఆర్పేసి, వసారాలో ఎర్ర గచ్చు మీద చాపలు పరిచి, మధ్యలో ఒక్క లాంతరు పెట్టారు. చివరి కథ ఆ ఇంటి పెరటి బావిలో పడి చనిపోయిన కోడలిది, పేరుతో సహా చెప్పారు. మహాలయ అమావాస్య వెళ్లి వారం కూడా కాలేదు. నాకు మనసొప్పలేదు. మీరేమంటారు?

కోలారు తమ్ముడు:
ఆ చాపలు పరిచినవాళ్లలో నేనూ ఉన్నానక్కా. వచ్చిన డబ్బంతా పైకప్పు రిపేరుకే. 1898లో ప్లేగు వచ్చాక వేసిన పేట ఇది, ఆ కాలపు ఇళ్లు పోయి అపార్ట్‌మెంట్లు వచ్చేస్తున్నాయి. మంకీ టాప్ అంటారే, కిటికీల మీద ఆ చెక్క చూరు, దానికి చెదలు పట్టి ముట్టుకుంటే పొడి రాలుతోంది. చరిత్ర చెబుతామని పిలిస్తే పదిమంది రారు. దయ్యాలంటే వస్తారు. ఇది కొత్తా? 90లలో ఇక్కడ దయ్యం రాకుండా తలుపుల మీద 'నాళె బా', అంటే కన్నడంలో 'రేపు రా', అని రాసుకున్నారు, మనవాళ్లు దాన్నే 'ఓ స్త్రీ రేపు రా' చేసుకున్నారు.

బసవనగుడి బాబాయి:
తమ్ముడూ, అది తప్పు. ముందు మన తెలుగు ఊళ్లలోనే. అక్కడ మా వీధిలో ప్రతి గోడ మీదా బొగ్గుతో రాశారు, నేనే రాశాను. ఇక్కడికి తర్వాత వచ్చింది.

కోలారు తమ్ముడు:
మీ వీధిలో రాసినంత మాత్రాన ముందు మీదే ఎలా అవుతుంది బాబాయ్?

విజయవాడ వదిన:
నవరాత్రుల్లో బొమ్మల కొలువుకు పిలిస్తే రారు గానీ దీనికి 500 ఇస్తారా!

మద్రాసు మావయ్య:
కథలతో ఇళ్లు నిలవవు. ఇక్కడ ఆళ్వార్‌పేటలో డిమాంటీ కాలనీకి దయ్యాల పేరు పడింది, ఇళ్లు ఏళ్ల తరబడి ఖాళీగా పాడుబడ్డాయి. జనం రాత్రిపూట చూసి పోయారు తప్ప ఎవరైనా ఒక్క ఇటుక పెట్టారా?

బసవనగుడి బాబాయి:
అదలా ఉంచండి, 'రేపు రా' సంగతి తేలనివ్వండి.

నెల్లూరు పిల్ల:
బాబాయ్ గారూ, దయచేసి ఆపండి. నేనడిగిందేమిటి, మీరు మాట్లాడుతున్నదేమిటి? మా మేనత్త ఊళ్లో బావిలో పడి పోయింది, నాకప్పుడు ఎనిమిదేళ్లు. నెల తిరక్కముందే బావి దగ్గర ఆకుపచ్చ చీర కనబడిందని మొదలుపెట్టారు. ఆ రోజు అత్త కట్టుకున్నదీ ఆకుపచ్చ చీరే. కట్నం కోసం ఎన్నిసార్లు పుట్టింటికి తరిమారో మాత్రం ఎవరూ అనలేదు. మనిషి దయ్యమైందంటే చాలు, కొట్టినవాళ్ల మాట ఇంకెవరూ ఎత్తరు. శనివారం కూడా అంతే, ఆవిడ ఎలా ఏడుస్తుందో గొంతు మార్చి మరీ వినిపించారు, ఎందుకు పడిందో ఒక్క ముక్క లేదు.

బసవనగుడి బాబాయి:
తెలీదమ్మా. తప్పుగా అనుకోకు.

కోలారు తమ్ముడు:
అక్కా, మేం కల్పించింది కాదు. ఆ ఇంటివాళ్లే చెప్పారు, పేరు కూడా వాళ్లే చెప్పమన్నారు.

నెల్లూరు పిల్ల:
అంటే అత్తింటివాళ్లు. పుట్టింటివాళ్లను అడిగారా?

కోలారు తమ్ముడు:
లేదు. వాళ్లెవరో కూడా తెలీదు. వచ్చేసారి ఆ కథ చెప్పొద్దని నేను గట్టిగా అడుగుతాను. కానీ అసలు కథలే వద్దంటే మాత్రం ఒప్పుకోనక్కా, ఆ కప్పు ఇంకో వానకాలం ఆగదు.