పాత మారుతి 800: మన ఎండల్లో థర్మోస్టాట్ ఉంచాలా, పీకెయ్యాలా?

కడప796
కార్బ్యురేటర్ మారుతి 800, 1996 మోడల్. మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజిన్. ఏడురోడ్ల దగ్గర మధ్యాహ్నం ట్రాఫిక్‌లో ఆగితే టెంపరేచర్ ముల్లు ముప్పావు దాటుతోంది. బైపాస్ ఎక్కి అరవైలో పోతుంటే మళ్లీ దిగుతోంది. హోసులు కొత్తవి, లీకు లేదు. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లు రేడియేటర్‌కు పోకుండా ఆపి, వేడెక్కాక వదిలే వాల్వు) పీకేద్దామంటున్నాడు, మాన్యువల్ ఉండాలంటోంది. తెలిసినవాళ్లు కారణంతో సహా చెప్పండి.

ఘాట్‌రోడ్డు
పీకెయ్యండన్నా. థర్మోస్టాట్ ఉండేది చలి దేశాల్లో ఇంజిన్ తొందరగా వేడెక్కడానికి. మే నెల కడపలో పొద్దున ఏడుకే బానెట్ కాలతాంటాది, ఇంక వేడెక్కించాల్సిన పనేముంది? అసలు భయం ఏందంటే, అది మూసుకోని ఇరుక్కుంటే గువ్వలచెరువు ఘాట్ సగం ఎక్కేసరికి హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకూ పైన హెడ్‌కూ మధ్య ఉండే సీలు) పోతాది. అల్యూమినియం హెడ్ వంగిందంటే లేతు షాపులో ఫేసింగ్ చేయించాల, అంటే చదును చేయించాల, గ్యాస్కెట్ మార్చాల, వాల్వులు విప్పాల. చిన్న సామాను కోసం ఇంత ప్రమాదం ఎందుకు?

అనంత_బోర్‌నీళ్లు
ఘాట్‌రోడ్డు అన్నా, మీరు చెప్పిన ప్రమాదం నిజమే, మందు మాత్రం అది కాదు. ఈ ఇంజిన్‌కు వచ్చే థర్మోస్టాట్ రకాన్ని బట్టి 82 లేదా 88 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. ఆ అంకె దానిమీదే కొట్టి ఉంటుంది. 95–100 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంటుంది. అంటే ముల్లు ముప్పావు దాటిన సమయానికి మంచి థర్మోస్టాట్ ఎలాగూ బార్లా తెరిచే ఉంటుంది. తెరిచి ఉన్న తలుపును ఊడబీకితే వచ్చే చల్లదనం ఏపాటిది?

కడప796 గారు చెప్పిన లక్షణమే జవాబు చెబుతోంది. ఆగితే వేడి, పరిగెడితే చల్లన. పరిగెత్తేటప్పుడు ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తోంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చెయ్యాలి. చెయ్యడం లేదు, లేదా చాలినంత చెయ్యడం లేదు. దీనికి రివర్స్‌లో, అంటే ఊళ్లో బాగుండి ఘాట్‌లోనో ఎనభై స్పీడులోనో వేడెక్కితే, రేడియేటర్ గొట్టాలు పూడుకున్నాయనో, థర్మోస్టాట్ సగమే తెరుచుకుంటోందనో అనుమానించాలి.

ఫ్యాన్ పరీక్ష రెండు నిమిషాల పని. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఫ్యాన్ థర్మో స్విచ్ (వేడి పెరిగితే ఫ్యాన్‌ను ఆన్ చేసేది) వైర్లు ఊడదీసి రెంటినీ కలపండి. వేళ్లు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి. ఫ్యాన్ తిరిగితే స్విచ్ పోయింది. తిరక్కపోతే ఫ్యూజు, రిలే, ఎర్త్, ఆ తర్వాత మోటార్ చూడండి. తిరిగినా నీరసంగా తిరుగుతుంటే మోటార్ బ్రష్‌లు అరిగినట్టే. పాత బండ్లలో ఇది చాలా మామూలు.

నంద్యాల_స్పానర్
నేను కూడా ఉంచాలనేవాడినే, కారణం మాత్రం వేరు. థర్మోస్టాట్ లేకపోతే నీళ్లు రేడియేటర్‌లో మరీ వేగంగా తిరుగుతాయి, చల్లబడే టైం దొరకదు. అందుకే పీకేసినా వేడెక్కుతుంది.

అనంత_బోర్‌నీళ్లు
ఆ మాట చాలా గ్యారేజీల్లో వినిపిస్తుంది, కానీ సరికాదు. ఒక్కో చుట్టులో నీళ్లు తక్కువ చల్లబడినా చుట్లు ఎక్కువవుతాయి కదా, లెక్క అక్కడికక్కడే సరిపోతుంది. అసలు నష్టం ఇంకోచోట ఉంది. బైపాస్ మీద పోయేటప్పుడు, డిసెంబరు పొద్దుల్లో ఇంజిన్ ఉండాల్సిన వేడికి ఎప్పటికీ రాదు. చల్లని ఇంజిన్‌లో కార్బ్యురేటర్ పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు. చోక్ ఎక్కువసేపు లాగి ఉంచాల్సి వస్తుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగి కింద సంప్‌లో, అంటే ఆయిల్ తొట్టెలో కలుస్తుంది, ఆయిల్ పలచబడుతుంది. రింగులు, బోర్ అరిగేది అక్కడే. ఆయిల్ మూత విప్పితే లోపల మీగడ రంగు జిగురు కనిపిస్తే తేమ ఆవిరి కావడం లేదని అర్థం. మైలేజీ తగ్గడం సరేసరి.

ఒక జాగ్రత్త. హెడ్ గ్యాస్కెట్ పోయినా అలాంటి జిగురే వస్తుంది. రేడియేటర్ మూత తీసి ఇంజిన్ నడిపితే ఆగకుండా బుడగలు వస్తున్నా, బయట లీకు లేకుండానే నీళ్లు తగ్గిపోతున్నా అది గ్యాస్కెట్టే. చల్లగా ఉన్నప్పుడే మూత తియ్యండి.

ఘాట్‌రోడ్డు
ఆయిల్ పలచబడే సంగతి ఒప్పుకుంటా. మరి ఇరుక్కునేదాని మాటేంది? ఈడ జనం పోసేది బోర్ నీళ్లే. రెండేళ్లకే థర్మోస్టాట్ మీద సున్నం పేరుకుంటాది.

అనంత_బోర్‌నీళ్లు
తప్పంతా ఆ నీళ్లదే, థర్మోస్టాట్‌ది కాదు. మన బోర్ నీళ్లలో ఉండే కాల్షియం, మెగ్నీషియం వేడికి పెచ్చు కడతాయి. ఆ పెచ్చు థర్మోస్టాట్ ఒక్కదాని మీదే ఆగదు. రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ, హెడ్‌లో వాల్వుల చుట్టూ ఉండే దారుల్లోనూ పేరుకుంటుంది. థర్మోస్టాట్ పారేస్తే ఆ పెచ్చు పోతుందా? డిస్టిల్డ్ వాటర్ సగం, ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ సగం పొయ్యండి. రెండేళ్లకోసారి మొత్తం దించి మార్చండి. ఇప్పటికే పూడిపోయి ఉంటే పాత ఇత్తడి రేడియేటర్‌కు ట్యాంకు విప్పి రాడ్డింగ్ (గొట్టాల్లో సన్న కమ్మీలు దూర్చి పూడిక తీయడం) చేయించడమే మంచిది. ఘాటు యాసిడ్ పోస్తే సోల్డర్ అతుకులు తింటుంది.

రేడియేటర్ మూతను ఎవరూ పట్టించుకోరు, నాకు బాధగా ఉంటుంది. చదరపు సెంటీమీటరుకు 0.9 కేజీల పీడనం ఆపే మూత సరిగా పట్టితే ఉత్త నీళ్లు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండి పీడనం వదిలేస్తే 100 దగ్గరే మరుగుతాయి. ముందు మూత మార్చి చూడండి, అన్నిటికన్నా చవక.

నంద్యాల_స్పానర్
వేగం మాట వెనక్కి తీసుకుంటున్నా. పరీక్ష చెప్తాను. థర్మోస్టాట్‌ను దారంతో కట్టి గిన్నె నీళ్లలో వేలాడదీయండి, అడుగు తగలకూడదు. థర్మామీటర్ పెట్టి మెల్లగా కాచండి. మీద కొట్టిన అంకెకు అటూ ఇటూగా కదలాలి, పూర్తిగా తెరిచినప్పుడు సుమారు 8 మిల్లీమీటర్లు లేవాలి. చల్లారాక బిగుతుగా మూసుకోవాలి. బండి మీదే తెలుసుకోవాలంటే, ముల్లు పైకి పోయినా రేడియేటర్ పై హోస్ చల్లగా ఉంటే మూసుకుని ఇరుక్కున్నట్టు.

బిగించేటప్పుడు స్ప్రింగు ఇంజిన్ వైపు, చిన్న గాలి రంధ్రం పైకి. పాత గ్యాస్కెట్ గీకి కొత్తది వెయ్యండి. మూత తీసి ఇంజిన్ నడుపుతూ, పై హోస్ పిసుకుతూ గాలి పోయేదాకా నింపండి. ఈ గాలి తియ్యకపోవడం వల్లే కొత్తది వేసినా వేడెక్కుతోందని చాలామంది మళ్లీ పీకేస్తారు.

ఘాట్‌రోడ్డు
సరే, దారిలో ఇరుక్కుంటే మాత్రం చల్లారాక పీకేసి ఇంటికి చేరుకోవడమే దిక్కు, ఆ మాట మీద ఉంటా. డూప్లికేట్ సామాను వేసే బదులు లేకుండా నడపడమే మేలని కూడా అంటా. అసలుది దొరికితే వేసుకోండి, కూలెంట్ మార్చినప్పుడల్లా దాన్నీ గిన్నెలో కాచి చూసుకోండి.

అనంత_బోర్‌నీళ్లు
దారి మధ్యలో పీకడానికి నాకూ అభ్యంతరం లేదు. కడప796 గారూ, ముందు ఫ్యాన్ వైర్లు కలిపి ఏమైందో రాయండి. థర్మోస్టాట్ హౌసింగ్ బోల్టులు అప్పటిదాకా ముట్టుకోవద్దు. పాత అల్యూమినియంలో తుప్పుకు పట్టేసి ఉంటాయి, తొందరపడి తిప్పితే తల విరిగి లోపలే ఉండిపోతుంది.